ఏడిళ్ల ముగ్గు

మూడో చుట్టు తిప్పేసరికి గొట్టంలో గాలి బుస్సుమంది. అంజిలయ్య ఇనుప రాడ్డును ఇంకో అరచుట్టు తిప్పి, తల వంచి విన్నాడు. గాలి పోయి నీళ్లు పడ్డ చప్పుడు ఆయన చెవికి తెలుసు. ఇబ్రహీంపట్నం పాత ఊళ్లో ఆ వాడకట్టుకు పొద్దున ఐదుంబావు నుంచి ఆరు దాకా నల్లా వస్తుంది. ముప్పై ఏళ్లుగా వదిలేది ఆయనే.

అంజిలయ్యకు యాభై తొమ్మిదేళ్లు. సన్నటి మనిషి. ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్లు కిందికి దిగి ఉంటుంది. రాడ్డు మోసింది ఆ భుజమే మరి. ఖాకీ చొక్కా, పిక్కల దాకా మడిచిన ప్యాంటు, చేతిలో పాత పాలపొడి డబ్బా. డబ్బా మూతకు మేకుతో పొడిచిన బొక్కలు, లోపల ముగ్గు.

నల్లా వచ్చే ఆ ముప్పావుగంటలో వేరే వాడల వాల్వు మనుషులు చాయ్ తాగుతారు. అంజిలయ్య ముగ్గులు పెడతాడు. మగవాడు, అందులోనూ మున్సిపాలిటీ మనిషి, పొద్దున్నే వంగి ముగ్గు పెట్టడమేమిటని మొదట్లో వాడకట్టంతా పడీపడీ నవ్వింది. అది కూడా ఎవరి ఇంటి ముందు? తాళాలు వేసి పోయిన ఇళ్ల ముందు!

అలాంటివి అక్కడ ఏడున్నాయి. తుర్కయాంజాల్‌లో అపార్టుమెంటు కొనుక్కుని పోయినవాళ్లవి కొన్ని, పంపకం తెగక తాళం మీద తాళం పడ్డవి కొన్ని. మనుషులు పోయిన ఇంటికి కొత్త కాపురస్థులు ఎంతో కాలం పట్టకుండానే దిగుతారు. ముందు ఎలుకలు, వాటి వెనక పాములు, ఆ తర్వాత సీసాలు పట్టుకుని తాగుబోతులు, తలుపులూ కిటికీలూ పెరుక్కుపోయేవాళ్లు. ఆఖరున ఆడుకోవడానికి పిల్లలు. అంజిలయ్య భయమంతా ఆ ఆఖరువాళ్ల గురించే.

గడప ముందు ముగ్గు కనిపిస్తే లోపల మనుషులున్నారనుకుని సగం మంది వెనక్కి పోతారు. మిగతా సగం తొక్కి పోతారు. తొక్కితే తెల్లారి అంజిలయ్యకు తెలిసిపోతుంది. కుక్క తొక్కుడు వేరు, పిల్లి తొక్కుడు వేరు. పాము పోతే తాడు ఈడ్చినట్టుంటుంది. చెప్పులైతే ఎన్ని జతలో, ఎటు పోయాయో చెప్తాడు. చదివింది మూడో తరగతే కానీ, ముగ్గు మాత్రం పేపరు చదివినట్టు చదువుతాడు.

ఒకసారి ఏమైందంటే, నారయ్య వాళ్ల తాళం ఇంటి ముందు ముగ్గు చూసి, మహేశ్వరం నుంచి వచ్చినవాళ్లెవరో గడపకు బొట్టు పెట్టి, పెళ్లి పత్రిక తలుపు సందులో దోపి పోయారు. అంజిలయ్య ఆ పత్రిక పట్టుకుని పెళ్లికి పోయొచ్చాడు. ఎవరి తరఫు అని అడిగితే, "ఇంటోళ్లు లేరు, ఇంటి తరఫున నేనొచ్చిన" అన్నాడట.

భార్య సత్తమ్మకు మాత్రం ఆ ముగ్గుల మీద ఒళ్లుమంట. "ఏడిళ్లకు పెడ్తవ్. నా ఇంటి ముంగట ఒక్కనాడన్న పెట్టినవా?"

"మనింట్ల నువ్వున్నవ్ గదనే. దొంగలు గాదు, పోలీసోళ్లు గూడ రారు."

ఆ రోజు మొదటి ఇంటి ముందు కుక్క పడుకుని లేచింది. రెండో ఇంటి నుంచి ఆరో ఇంటి దాకా నిన్నటి ముగ్గు నిన్నటిలాగే ఉంది. అంజిలయ్య ప్రతి గడప ముందూ మూడు గీతలు గీసి, మధ్యలో ఒక పువ్వు వేసి, చుట్టూ సన్నగా ముగ్గు జల్లుకుంటూ పోయాడు. ఆ పువ్వు ఎన్నేళ్లు వేసినా గోబీపువ్వులాగే వచ్చేది.

ఏడోది ఎల్లస్వామి ఇల్లు. కప్పు ఎప్పుడో కూలింది. వాకిలి సందుకు అంజిలయ్య కట్టిన కంప, వెనక నిలువెత్తుకు రెండింతల మట్టిగోడ మిగిలాయి. పోయిన వారం వానకు ఆ గోడ లోపలివైపు ఒరిగింది. అంజిలయ్య గడప దగ్గర ఆగిపోయాడు. కళ్లద్దాలు తీసి పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు.

చిన్న చిన్న అడుగులు. చెప్పుల్లేవు. బొటనవేలు చింతగింజంత. కంప పక్కకు జరిగి ఉంది.

లోపలికి పోయినవి లెక్కబెట్టాడు. నాలుగు జతలు. బయటికి వచ్చినవి లెక్కబెట్టాడు. మూడే అనిపించింది. మళ్లీ లెక్కబెట్టాడు. నాలుగోది మూడోదాని మీద పడి ఉంది. నాలుగూ వచ్చేశాయి.

"ఏమైందన్నా, గట్ల కూసున్నవ్?" బిందెతో పోతున్న రూత్ ఆగింది. పక్క సందులోని అంగన్‌వాడీలో ఆమె ఆయా.

"చూడు చెల్లె. నీ పిలగాండ్లే అయ్యుంటరు."

రూత్ వంగి చూసింది. బిందె కింద పెట్టేసింది. ఆమెకు ఎవరూ వివరించి చెప్పక్కర్లేదు.

పదకొండేళ్ల కింద, బుగ్గయ్య వాళ్లు తాళం వేసి పోయిన ఇంట్లో నేలలోని నీళ్ల సంపు మూత ఇనుముకు ఎవరో ఎత్తుకుపోయారు. నల్లా కట్టేయకుండా పోయారు ఇంటివాళ్లు. అంజిలయ్య రోజూ వదిలిన నీళ్లే ఆ సంపును నింపాయి. రూత్ కూతురు స్టెల్లా, నాలుగేళ్లది, బంతి కోసం పోయి అందులో పడింది. తండ్రి పరమేష్ దూకి తీశాడు కాబట్టి బతికింది. దవాఖాన బయట అంజిలయ్య రాడ్డు భుజాన పెట్టుకునే నిలబడ్డాడు, దించాలని కూడా తోచలేదు. "నీ తప్పేందన్నా? నల్లా ఇడ్సుడు నీ పని" అంది రూత్ ఆ రోజు. ఆమె తిట్టి ఉంటే ఆయనకు ఎంత బాగుండేదో! ఎనిమిదో రోజున స్టెల్లా ఇంటికొచ్చింది. తొమ్మిదో రోజున అంజిలయ్య ముగ్గు డబ్బా పట్టాడు.

ఆ ముగ్గు నువ్వు కూడా పెట్టమని రూత్‌ను చాలాసార్లు అడిగాడు. "మేం ముగ్గు పెట్టం గదన్నా" అని నవ్వేది ఆమె. "గిది దేవునికి గాదు చెల్లె, పాముకు" అనేవాడు. అయినా ఆమె పెట్టలేదు.

అంజిలయ్య గడప ముందరి అడుగులను ఫోన్లో ఫోటో తీసి, తుర్కయాంజాల్‌లో ఉన్న ఎల్లస్వామికి పంపి, వెంటనే ఫోన్ చేశాడు.

"అంజన్నా, ఆ ఇంటి ముచ్చట తియ్యకు. అన్నదమ్ములం కూసొని మాట్లాడాలె. పండుగకు వస్త గద."

"గోడ పండుగ దాక ఆగుతదా తమ్మీ? ఫోటో చూసినవా?"

"ఎవ్వల పిల్లలు?"

"ఎవ్వలైతేంది? నువ్వు గూడ ఆ గడప మీద బుడ్డగోసితోని తిరిగినోనివే. గోడ పోతే జాగ ఏడికి పోదు. పిలగాడు పోతే ఎవ్వలు తెస్తరు, నువ్వు తెస్తవా?"

అంజిలయ్య ఫోన్ పెట్టేయలేదు. పక్కన నల్లా నీళ్లు బిందెలో పడుతున్నాయి.

"మా అన్నతోని నేను మాట్లాడ్త. కూలగొట్టియ్యే" అన్నాడు ఎల్లస్వామి.

"గట్ల గాదు. గీ మాట వార్డు ఆఫీసరు మేడంకు చెప్పు."

వార్డు ఆఫీసరు నిర్మల తొమ్మిదింటికల్లా వచ్చి గోడ చూసింది. ఎల్లస్వామి రాసి పంపిన మెసేజీ చూసింది. పదకొండింటికి జేసీబీ పంపింది. రూత్ పిల్లలందరినీ అంగన్‌వాడీ లోపల కూర్చోబెట్టి తలుపు వేసింది. వాడకట్టంతా సందు మొదట్లో గుమిగూడింది.

"ఆగున్రి, జర ఆగున్రి" అంటూ అంజిలయ్య కంప దాటి లోపలికి పోయాడు. ఎవరైనా ఉన్నారేమో చూడకుండా గోడ ఎలా తోస్తారు? నిర్మల వద్దని అరుస్తూనే ఉంది. "ఓ అంజన్నా, గోడకు నీ ముగ్గు భయం లేదే!" అని ఎవరో కేక పెట్టారు.

గోడ ఒరిగిన మూలలో, సరిగ్గా దాని నీడలో, మూడు రాళ్ల పొయ్యి ఉంది. పెంకు ముక్కలు నాలుగు, కంచాల్లాగా వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఇసుక అన్నం, పక్కన ఆకు కూర. నాలుగు కంచాలు, పీటలుగా నాలుగు రాళ్లు. ఎంత ముచ్చటగా పెట్టుకున్నారో! అంజిలయ్య పెంకు ముక్కలను తువ్వాలులో మూటగట్టుకుని బయటికొచ్చాడు.

జేసీబీ తొండం ఆనించిందో లేదో గోడ కూలింది. తోసే పని కూడా పడలేదు. ఆ సంగతి అందరూ చూశారు. దుమ్ము అణిగింది. పిల్లల పొయ్యి ఉన్న చోట నడుం ఎత్తు మట్టి పేరుకుంది.

"అంజన్నా, నీ ముగ్గుకు దండం" అన్నాడు భిక్షం. పదకొండేళ్లుగా ఆ ముగ్గు చూసి అందరికంటే ఎక్కువ నవ్వినవాడు అతడే.

అంజిలయ్య తువ్వాలు మూట తీసుకెళ్లి అంగన్‌వాడీ అరుగు మీద విప్పి, నాలుగు పెంకులనూ వరసగా పేర్చాడు. కిటికీలోంచి నాలుగు ముఖాలు తొంగి చూసి చటుక్కున దాక్కున్నాయి. ఆయనకు గర్వంగా అనిపించింది. ఎందుకు అనిపించకూడదు? ముప్పై ఏళ్లలో ఆయనకు ఒక శాలువా కప్పినవాడు లేడు, ఒక ఫోటో పేపర్లో పడలేదు. ఆ నాలుగు ముఖాలు చాలు.

"ఇగ ఆరే" అన్నాడు సాయంత్రం సత్తమ్మతో, జొన్నరొట్టె తుంచుకుంటూ.

"ఏం ఆరు?"

"ఇండ్లు. ఏడుండె, ఆరైనయ్."

"మస్తు ఘనకార్యం చేసినవ్ తియ్" అంది సత్తమ్మ. అని, అడగకుండానే ఇంకో రొట్టె వేసింది. ఎడమ భుజం గుంజుతోందని చెప్పి ఆయన తొందరగా పడుకున్నాడు. రాడ్డు మోసే భుజం కదా, గుంజడం మామూలే అనుకుంది ఆమె.

మర్నాడు ఐదుంబావుకు నల్లా రాలేదు.

ఐదున్నరైనా రాలేదు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముప్పై ఏళ్లలో జ్వరం వచ్చినా, వాన కొట్టినా నల్లా ఆగలేదు. రూత్ బిందె కింద పెట్టి అంజిలయ్య ఇంటికి నడిచింది. ఆయన నిద్రపోయినవాడు నిద్రపోయినట్టే ఉన్నాడు. సత్తమ్మ పక్కన కూర్చుని, ఆయన ఎడమ భుజం మెల్లగా పిసుకుతూనే ఉంది.

ఏడింటికి వేరే మనిషి వచ్చి నీళ్లు వదిలాడు. వాడకట్టులో ఎవరి వాకిట్లోనూ ఆ పూట పేడనీళ్ల సాంపి పడలేదు, ముగ్గు పడలేదు. శవం లేచే దాకా వాడలో ముగ్గు పెట్టరు. అంత్యక్రియలకు కందుకూరు నుంచి చుట్టాలు రావాలి, మధ్యాహ్నం దాటుతుంది.

"మరి ఆ ఇండ్లు?" అన్నారెవరో.

పద్ధతి పద్ధతే. భిక్షం తల వంచుకున్నాడు.

"మాకు ఆ పట్టింపు లేదు వదినా. నేను పెడ్త" అంది రూత్.

సత్తమ్మ తలెత్తి ఆమెను చూసింది. లేచి, గూట్లోంచి డబ్బా తీసి చేతికిచ్చింది. "పువ్వు మంచిగ రాకున్నా ఏం గాదు. ఆయనకూ రాలే" అంది. అప్పుడు ఏడ్చింది.

రూత్ పుట్టి బుద్ధెరిగి ముగ్గు పట్టలేదు. మొదటి గడప ముందు వంగి, ముందు నిన్నటి అడుగులు చూసింది. పిల్లి. ఆ తర్వాత మూడు గీతలు గీసింది. వంకరగా వచ్చాయి. పువ్వు వేసింది, గోబీపువ్వే. వాడకట్టు ఆడవాళ్లు దూరంగా నిలబడి చూశారు, ఒక్కరూ నవ్వలేదు. బడి బట్టల్లో ఉన్న స్టెల్లా తల్లి వెనకే ఇల్లిల్లూ నడిచింది.

ఆరిళ్లూ అయ్యాక రూత్ వెనక్కి వచ్చి, సత్తమ్మ ఇంటి ముందు ఇనుప రాడ్డు పక్కన డబ్బాను బోర్లా పెట్టింది. మూత బొక్కల్లోంచి కాస్త ముగ్గు కారి, ఆ వాకిట్లో డబ్బా చుట్టూ తెల్లగా పడింది.