నేహకి ఏడేళ్ళే

నేహ స్కూలు చొక్కాకి సబ్బు రాస్తుంటే పెద్దవాళ్ళ చెమట వాసన కొట్టింది. మా ఆయన చొక్కాయేమోనని విప్పి చూశాను. కాదు, రెండో తరగతి చదివే నా కూతురిదే. సాయంత్రం దానికి తలకి పోస్తుంటే చంకల్లో సన్నటి నూగు కనిపించింది. ఛాతీ నొప్పిగా ఉందంది.

గుబులు పట్టలేక అత్తగారితో అన్నాను. అదే తప్పయింది. "గుడ్లూ, కోడికూరా మేపీసి పిల్లని ముంచీసినావు. రేపట్నించి గుమ్మం దాటనీకు" అంది. ఆదిత్యపూర్ వర్క్‌షాపు నుంచి వచ్చిన మా ఆయన జగ్గారావు చెప్పులైనా విప్పకుండా, "ఎప్పుడూ టీవీ ముందు కూకోబెడితే ఇంకేటవుతాది?" అన్నాడు. డాక్టరుకి చూపిద్దామంటే, "ఆడపిల్ల పెద్దదవ్వడం రోగమేటి? మన తెలుగోళ్ళ బస్తీలో తెలిస్తే పరువుంటాదా?" అన్నాడు.

వండిపెట్టేది నేను, కాబట్టి తప్పు నాది. టీవీ కొన్నది ఆయన, పొద్దంతా చూసేది అత్తగారు, అయినా తప్పు నాదే. జ్వరమొస్తే నా కూతురు, బహుమతొస్తే ఆయన కూతురు. ఇప్పుడు పసిదాని ఒళ్ళు తొందరపడితే పరువు మాత్రం అందరిదీ! నన్ను కూడా పదకొండో ఏట చాప మీద కూర్చోబెట్టి, వీధంతా పేరంటం పిలిచి, ఆ వారమే బడి మానిపించారు. నాకేం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మర్నాడు పిల్లలంతా వీధిలో ఆడుకుంటుంటే నేహ కిటికీ ఊచలు పట్టుకుని నిలబడింది. "మమ్మీ, మైనే క్యా కియా?" అంది, ఇక్కడి బడిలో అబ్బిన హిందీలో. నేనేం చేశానని, ఏడేళ్ళ పిల్ల! నా ఒళ్ళు మండిపోయింది.

దగ్గర కూర్చోబెట్టుకుని, దాని ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసినంతవరకూ చెప్పాను. మిగతాది డాక్టరమ్మని అడుగుదాం, వస్తావా అంటే తలూపింది. ఆటో ఎక్కి సాక్చీలో పిల్లల ఆసుపత్రికి వెళ్ళాం.

డాక్టరమ్మ నేహ చేతికి ఎక్స్‌రే తీయించింది. "ఎనిమిదేళ్ళు నిండకుండా ఇలా మొదలైతే వదిలేయకూడదు. ఎముకలు ముందే ముదిరి ఎదుగుదల ఆగిపోవచ్చు. రక్తపరీక్షలు చూసి, అవసరమైతే మందులతో కొన్నాళ్ళు ఆపుదాం. మంచిపని చేశావు, తీసుకొచ్చావు" అంది హిందీలో. గుడ్లు పెట్టడం వల్లేనా అని అడిగాను. ఆవిడ నవ్వలేదు. "అది తల్లిని తిట్టడానికి తప్ప దేనికీ పనికిరాని మాట" అంది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"ఎవుర్నడిగి పిల్లని తీసికెళ్ళినావు?"

"నేహనడిగి" అన్నాను.