నిన్నటి మాటలు చెప్పే గోడ

కుందలహళ్ళి దగ్గరి ఆ ఇంజనీరింగ్ కాలేజీలో సాయంత్రం నాలుగయ్యేసరికి క్యాంటీన్ నడిపే బేబీ అక్క మిక్సీ ఆపేస్తుంది. వెనక గోడ నిన్నటి మాటలు తిరిగి చెప్పే వేళ అది. నిన్న ఏం వాగామో మళ్ళీ వినే ఓపిక ఎవరికుంటుంది? పిల్లలు టీ తాగేసి వెళ్ళిపోతారు.

హరిణి మాత్రం రోజూ ఆ గోడ పక్కనే కూర్చుంటుంది. మూడో సంవత్సరం చదువుతోంది. ఆమెకి ఆటిజం. నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఎవరు ఎందుకు నవ్వుతున్నారో అందదు. ముఖాలూ ప్లేట్ల చప్పుడూ లేకుండా రెండోసారి వింటే తెలుస్తుంది. ఓహో, అది జోకా అనుకుని ఒక రోజు ఆలస్యంగా నవ్వుకుంటుంది.

క్లాసులో ఆమెని పక్కన కూర్చోబెట్టుకున్నది రమ్య ఒక్కతే. ప్రాజెక్టులోకి తీసుకున్నదీ ఆమే. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ చప్పుడు కొలవాలి. చిన్న హారనుకే చెవులు మూసుకునే హరిణి నలభై రోజులు అక్కడ నిలబడి కొలతలు రాసింది.

ఆ బుధవారం గోడలోంచి రమ్య గొంతు వచ్చింది. నిన్న అటువైపు, చేతులు కడుక్కునే పంపు దగ్గర మాట్లాడినట్టుంది.

"హరిణికి ప్రెజెంటేషన్ శుక్రవారం అని చెప్పేశా. రేపు నాలుగున్నరకని తనకి తెలీదు."

"జీరో వేస్తే ఇయర్ పోతుంది కదా?" అది పునీత్. వాళ్ళ గ్రూపే.

"ఫీవర్ అని చెప్దాంలే. తనొస్తే మధ్యలో ఏదో అనేసి పరువు తీస్తుంది. అయినా ఎన్నాళ్ళని మోస్తాం?"

చేతిలోని టీ ఒళ్ళో ఒలికింది. కాలిందని కూడా హరిణికి తెలీలేదు. ఈ మాట రెండోసారి వినక్కర్లేకపోయింది. నిన్నటి 'రేపు' అంటే ఇవాళే. గడియారం నాలుగూ ఇరవై ఐదు చూపిస్తోంది. పరుగెత్తింది.

సెమినార్ హాల్ తలుపు తెరుచుకోగానే తెర ముందున్న రమ్య మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఏమ్మా, జ్వరమన్నారే! బాగుండావు కదా?" అన్నారు ప్రాజెక్టుకి మార్కులు వేసే గిరీష్ సార్.

"జ్వరం లేదు సార్."

"మళ్ళెందుకట్ల చెప్పినారు?"

హరిణి నేలచూపులు చూస్తూ చెప్పింది. విన్నది విన్నట్టు, ఒక్క మాట పోకుండా. పునీత్ చేతిలోంచి పెన్ను జారిపడింది. గిరీష్ సార్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"గోడ చెప్పినాదా?"

"అవును సార్."

ఇంక ఆయన ఏమీ అడగలేదు. "నీ కొలతలు నువ్వే చెప్పమ్మా," అన్నారు.

ఆమె ఎవరి వంకా చూడకుండా పాతిక నిమిషాలు చెప్పింది. మార్కుల పట్టీలో ఆమె పేరు నిలిచింది.

బయట వరండాలో రమ్య ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అందరి ముందూ ఎందుకు చెప్పావ్ హరిణీ? నన్ను పక్కకి పిలిచి అడగొచ్చు కదా!"

"సార్ అడిగారు."

హరిణి రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. అప్పుడు తనే అడిగింది.

"మొయ్యలేకపోతున్నానని నాకే చెప్తే, దిగిపోయేదాన్ని కదా?"