వరండాలో గీసిన కూడలి

ఆఫీసులో ఆమెను అందరూ చాటున ‘ఎందుకమ్మ’ అనేవాళ్లు. ఏ కాగితం ముందు పెట్టినా “ఎందుకు?” అని అడగందే సంతకం పెట్టదు మరి. ఊళ్లోని సిగ్నల్ దీపాలన్నిటినీ ఒక్కతాటి మీద నడిపే సాఫ్ట్‌వేర్ కొనే పని ఆమె నెత్తిన పడింది. కుర్చీ అయితే కూర్చుని చూసి కొనొచ్చు. ఫ్యాను అయితే తిప్పి చూడొచ్చు. కంటికి కనపడని దాన్ని ఏం చూసి కొంటాం? అందుకని ఆమె ఒక పద్ధతి పెట్టింది. ఆఫీసు వరండాలో సుద్దతో పెద్ద కూడలి గీయించింది. నిజం సిగ్నల్ దీపాలు నిలబెట్టించి, పైన కెమెరా బిగించి, మనుషుల్నే బళ్లుగా నడిపించి చూసేది.

ఆ రోజు ఆఖరి పరీక్ష. అంబులెన్స్ వస్తే దారి ఇస్తుందా, లేదా? అంబులెన్స్ వేషం ఆమె తమ్ముడిది. నిజానికి అతని పనీ అదే. వెనక రోగి మూలుగుతుంటే, ముందు బళ్లు కదలక, స్టీరింగ్ మీద తల బాదుకున్న రోజులు అతనికి బోలెడు. అలాంటి రోజు ఇంటికొచ్చి కంచం ముందు ఊరికే కూర్చునేవాడు. “నీ దీపాలు ఎప్పుడొస్తాయక్కా?” అదొక్కటే మాట.

గుమాస్తాలు బస్సులై హారన్లు కొడుతున్నారు. ఎందుకమ్మ ముసలమ్మలా వంగి రోడ్డు దాటుతోంది. అంబులెన్స్ వస్తోందని దీపాలకు కబురు పంపే చిన్న పెట్టెను చేత్తో పట్టుకుని, నోటితో సైరన్ మోగిస్తూ తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. టక్కున అతని వైపు పచ్చదీపం వెలిగింది. ఆమె ఇంకా రోడ్డు మధ్యలోనే ఉంది. అతను ఆగలేక ఆమె భుజాలు పట్టుకుని గిర్రున తిరిగాడు.

“బాగుందక్కా! నిన్ను గుద్ది, నిన్నే ఎక్కించుకుపోవాలన్నమాట!”

వరండా అంతా గొల్లుమంది. ఆమె మాత్రం నవ్వలేదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి వచ్చిన అమ్మాయి మెల్లగా అంది. “మేడమ్, అంబులెన్స్ రాగానే దారి ఇవ్వాలనే మీరు రాసిచ్చారు. నడిచేవాళ్ల ఊసే లేదు.”

నిజమే. రాసింది తనే. అందరినీ ఎందుకని నిలదీసిన మనిషి, రోడ్డు మధ్యలో ఎవరున్నారని అడగడం మరిచిపోయింది.

“ఇంతోటి దానికి ఆపుతావా?” అన్నాడు పరీక్ష చూడటానికొచ్చిన పై అధికారి. “సంతకం పెట్టెయ్యమ్మా. తర్వాత సర్దుకోవచ్చు.”

ఆమె తమ్ముడి వైపు చూసింది. ఆపితే మళ్లీ ఇరుక్కుపోయేది వాడే.

“పెట్టను సార్. తప్పు నాదే. ఇది సరయ్యాకే తీసుకుంటాను.”

ఆ సాయంత్రం తమ్ముడు డ్యూటీకి వెళ్లి, పొద్దుపోయాక ఇంటికొచ్చాడు. పడుకోబోయే ముందు గుమ్మం దగ్గర ఆగాడు. “ఇవాళా ఇరుక్కున్నాను. కోపంగానే ఉంది. కానీ నిజంగా ఒక ముసలమ్మను గుద్దితే, నేనింక స్టీరింగ్ పట్టుకోగలనా?” అని లోపలికి పోయాడు.

కంపెనీ అమ్మాయి దాన్ని సరిచేసింది. వరండాలో మళ్లీ మళ్లీ నడిచి చూశారు. చివరికి, సంతకానికి ముందు ఒకసారి చూద్దామని అసలు రోడ్డు మీదికి తెచ్చారు.

ఎందుకమ్మ కూడలి పక్కన నిలబడింది. దూరాన సైరన్ వినిపించింది. అది తమ్ముడి బండే. సరిగ్గా అప్పుడే ఒక తాత సంచీతో రోడ్డు మధ్యకు చేరాడు. సైరన్‌కి బెదిరి ముందుకీ పోలేక, వెనక్కీ రాలేక నిలబడిపోయాడు.

ఎర్రదీపాలు ఎర్రగానే ఉన్నాయి. స్తంభం మీది కెమెరా తాతను చూస్తోంది. బస్సులు, లారీలు కిక్కురుమనకుండా నిలబడ్డాయి. తాత తడబడుతూ ఒక అడుగు వేశాడు, ఇంకొకటి వేశాడు, గట్టెక్కాడు.

అప్పుడు వెలిగింది పచ్చదీపం. దాని తర్వాతి కూడలిలో ఇంకొకటి, ఆపైన మరొకటి. ఎవరో చీకటింట్లో తలుపులన్నీ వరసగా తీసుకుంటూ పోతున్నట్టు, రోడ్డు చివరిదాకా వెలుగు పాకిపోయింది. ఇంత ఊరూ పక్కకు తప్పుకుని, బండిలో ఉన్న ఎవరో తెలియని ఒక్క మనిషికి దారి ఇచ్చింది. తమ్ముడి బండి రివ్వున దూసుకుపోయింది.

“ఎవరమ్మా వీటిని ఆపింది?” తాత ఆయాసపడుతూ అడిగాడు. “పోలీసు కూడా లేడే!”

ఆమె రోడ్డు వైపే చూస్తూ, స్తంభం మీది కెమెరాకేసి చెయ్యి చూపింది. కంపెనీ అమ్మాయి కాగితం, పెన్ను చాపింది. “మేడమ్, సంతకం?”

“పెడతానుండమ్మా,” అంది ఎందుకమ్మ కళ్లు తిప్పకుండా. “ఆ చివరిదాకా చూడనీ.”