మైనంతో మూసిన నోరు

నేను ఒక గవ్వను. మీ మెడలో వేలాడడానికే పుట్టానని మీరు అనుకుంటారు. కాదు. నా మెరుపు కూడా మీ కోసం వచ్చింది కాదు. నాలో ఒక ప్రాణి ఉండేది. అది తన మెత్తని చర్మాన్ని బయటికి చాచి నా వీపంతా కప్పి, నన్ను నున్నగా ఉంచుకునేది. దాన్ని చంపి, దాని ఇంటిని నగ అంటున్నారు. అందుకే మీరంటే నాకు గిట్టదు. ముందే చెప్తున్నాను.

భీమిలి దగ్గర ఒక పల్లెలో వలలో చిక్కి ఒడ్డుకు వచ్చాను. వల దులిపిన వాళ్లు విసిరేస్తే కాసులమ్మ ఏరుకుంది. ఆవిడ పదహారేళ్లు తలమీద చేపల గంప మోసింది. మెడ ఎముకలు అరిగాయనీ, ఇంకా బరువు మోస్తే చెయ్యి పడిపోతుందనీ డాక్టరు చెప్పాక గవ్వలతో నగలు చేయడం మొదలుపెట్టింది. విశాఖపట్నంలో నగల దుకాణం నడిపే వసుంధర, హోటల్లో జరిగే ప్రదర్శనకు మంచి దండ తెస్తే ఏడాది పొడవునా పని ఇస్తానని కబురు పంపింది. ఆ పని దొరికితే గంప ఉండదు. దొరక్కపోతే మళ్లీ గంపే. ఇదంతా విన్నాను. జాలి కలగలేదు. నన్ను ఏరినప్పుడు నా లోపలి ప్రాణి ఇంకా కదులుతూనే ఉంది. ఆవిడ చూసింది కూడా.

గవ్వను శుభ్రం చేయడానికి వాళ్లకొక పద్ధతి ఉంది. ఇసుకలో పూడ్చి, పైన చిల్లుకుండ బోర్లించి, ఇరవై ఒక్క రోజులు వదిలేస్తారు. లోపలి మాంసాన్ని చీమలూ పురుగులూ తినేస్తాయి. యాసిడ్‌లో వేస్తే పూటలో పని అవుతుంది కానీ మెరుపు చచ్చి సున్నపు ముక్కలా మిగులుతాం. కాసులమ్మ యాసిడ్ ముట్టదు. పనిమంతురాలే. కానీ ప్రదర్శన ముంచుకొస్తోంది. పదో రోజునే నన్ను తవ్వి తీసింది.

తోటికోడలు ఎల్లయ్యమ్మ ముక్కు మూసుకుంది.

“ఓసే, ఇంకా కంపు కొడతంది. మల్లీ కప్పెట్టు.”

“టయిము లేదక్కా.”

“లేదంట! గంప మోసిన సేతుల్తో పట్నపోల్ల మెడలకి నగలు సేత్తదంట. ముందు నీ మెడ సూసుకో.”

“నా మెడ కోసరవే సేత్తన్నాను.”

కాసులమ్మ తీగతో గీకింది. నా లోపలి వంపు చివరిదాకా ఆ తీగ అందలేదు. అప్పుడు కొవ్వొత్తి కరిగించి నా నోటినిండా మైనం పోసింది. కంపు లోపలే ఉండిపోతుందని ఆవిడ నమ్మకం. మనుషులంతే. కుళ్లు కనబడకపోతే చాలు, అది లేనట్టే.

రాగి తీగను అలల్లా వంచింది. వల అల్లే ముడులతోనే దారం అల్లింది. మధ్యలో నన్ను పెట్టింది. దండ అందంగా వచ్చింది. ఆ మాట అనడం నాకు ఇష్టం లేదు.

ప్రదర్శన హాల్లో ప్రతి బల్లమీదా పెద్ద దీపాలు. కాసులమ్మ సంచీ మోయలేదు కాబట్టి ఎల్లయ్యమ్మ తిట్టుకుంటూనే వెంట వచ్చింది. పొద్దున్నుంచి మా బల్లమీది దీపం నా మీదే మండింది. మైనం మెత్తబడుతూ వచ్చింది. నేను మాత్రం ఎదురుచూశాను.

వసుంధర వచ్చి, దండ తీసి మీగడ రంగు పట్టుచీర మీద వేసుకుంది. “ఎంత బాగుంది కాసులమ్మా! సముద్రమే వచ్చి కూర్చున్నట్టుంది.”

నేను నోరు తెరిచాను. నల్లటి చుక్క ఒకటి ఆ చీర మీద పడింది. వెనకే వాసన.

“ఛీ! ఏంటిది? తియ్యండి, ముందు తియ్యండి!”

పక్క బల్ల ఆవిడ ప్లాస్టిక్ ముత్యాలు సర్దుకుంటూ నవ్వింది. “చేపల వాసన ఎక్కడికి పోతుందండీ?”

“నవ్వుతావేటమ్మా?” అని ఎల్లయ్యమ్మ ఆమె మీదికి వెళ్లింది. “నువ్వు తినే సేప ఏ సెంటు రాసుకోనొత్తంది?”

కాసులమ్మ చేతులు జోడించింది. “తప్పు నాదేనమ్మా. తొందరపడిపోనాను. నెల్లాళ్లు ఆగితే ఇంకోటి తెత్తాను.”

“వద్దు. ఇంకెప్పుడూ రాకండి,” అంది వసుంధర, చీర తుడుచుకుంటూ.

నేను గెలిచాను. మీరు సంతోషించకపోయినా ఫరవాలేదు, నేను సంతోషించాను.

పల్లెకు చేరగానే కాసులమ్మ దారం కోసి, నన్ను పడవల దగ్గర విసిరేసింది. తిట్టలేదు, ఏడవలేదు. మరుసటి ఉదయం గంపతో వచ్చింది. చేపలు నింపుకుంది. ఇంత దగ్గర నుంచి ఆ మెడ వంగడం చూస్తానని నేను ఆశగా ఉన్నాను.

గంప ఎత్తడానికి వచ్చిన ఎల్లయ్యమ్మ అందులోంచి చేపల్ని దోసిళ్లకొద్దీ తీసి తన గంపలో పోసుకోసాగింది.

“ఏటక్కా అది?”

“నోరుమూసుకో. నీ సెయ్యి పడిపోతే నీ ఇంటి వంట కూడా నానే వండాల. నాకేటి పని లేదా?”

సగం గంప కాసులమ్మ తలకెత్తి, తన నిండు గంపను మూలుగుతూ తనే ఎత్తుకుంది. రోడ్డు దాకా తిడుతూనే ఉంది. ఆ తిట్లు వింటూ పడున్నాను. నా కోపానికి ఎక్కడా చోటు దొరకలేదు. తడి ఇసుకలో రెండు జతల అడుగులు పక్కపక్కన మిగిలాయి. ఎల్లయ్యమ్మ అడుగులు బాగా లోతుగా ఉన్నాయి.