పేరెత్తని ఇల్లాలు

భర్త పోయాక ఆయన ఉద్యోగం తనకిమ్మని ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో అడగడానికి పోలమ్మ సత్యానందం మాస్టారి దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటోంది. సర్వనామాలు ఆమెకు ఒక్క పూటలో వచ్చేశాయి. మాస్టారి సొంత కొడుక్కి రెండేళ్లు పట్టింది. పద్దెనిమిదేళ్లు మొగుడి పేరెత్తకుండా కాపురం చేసిన మనిషి మరి.

"ఆఫీసులో మీ ఆయన పేరడిగితే ఏటి సెప్తావు?"

"హి. హూ వర్క్‌డ్ ఇన్ బాయిలర్ షాప్."

"అలాటోళ్లు నాలుగొందలమంది ఉన్నారమ్మా. పేరు సెప్పకపోతే పని రాదు."

"పేరెత్తితే మొగుడికి ఆయుస్సు తగ్గిపోద్దని మాయమ్మ సెప్పింది, మాస్టారూ."

మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. అది శుభ్రంగానే ఉంది.

"ఇంక తగ్గడానికేటుందిలే," అంది పోలమ్మ. తర్వాత, లోపలి గదిలో ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి, "దాలయ్య," అంది.