జంపక్క అడిగిన గట్టు

చర్ల అవతలి కోయగూడేల్లో కొత్త మనిషి వాకిట్లోకి వస్తే ముందు మంచినీళ్లిస్తారు, ఆ వెంటనే "ఏ గట్టు?" అని అడుగుతారు. గట్టంటే కోయల్లో వంశపు శాఖ. మూడో గట్టా, నాలుగో గట్టా, ఐదో గట్టా తెలిస్తేనే ఆ మనిషిని అన్న అనాలో బావ అనాలో తేలుతుంది. అది తేలకుండా మాట కలపరు. యాభై ఎనిమిదేళ్ల జీవితంలో జంపక్క మనిషి ఎవరో అడక్కుండా మాట కలిపింది ఒక్కసారే. ఆ ఒక్కసారికే రెండెకరాల చేను పోయింది.

అది మూడేళ్ల కిందటి సంగతి. మొగుడు పోయి, ఒంటరిగా సేద్యం చెయ్యలేక సతమతమవుతున్న జంపక్కను మిర్చి వ్యాపారి శేషగిరి చేను రెండు పంటలకు కౌలుకిమ్మన్నాడు. ఆమె సరేనంది. కాగితం రాసుకుందామని భద్రాచలం తీసుకెళ్లి, కోర్టు గోడ పక్కన రేకుల కింద కూర్చున్న ఒక నల్లకోటు ముందు నిలబెట్టాడు. బల్ల మీద ఎర్ర ముద్ర, లావుపాటి పుస్తకం. జంపక్క వంగి దండం పెట్టి, "జడ్జిగారూ, చల్లగుండాలె" అని, చూపించిన చోటల్లా వేలిముద్ర వేసింది.

రెండు పంటలయ్యాక చేను అడిగితే, శేషగిరి ఆ కాగితం జెరాక్స్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. అందులో కౌలు లేదు, అమ్మకం ఉంది. "జడ్జిగారి ముందర్నే వేలేసినవ్ కదా, ఇగ నన్నేందడుగుతవ్?" అన్నాడు. జడ్జే ఇచ్చేశాక ఎవరి దగ్గరికని పోతుంది? తన చేలో తనే కూలికి వెళ్లి మిరపకాయలు ఏరింది. వినేవాళ్లకే ఒళ్లు మండే సంగతి. ఆమెకు మాత్రం అప్పట్లో కోపం కూడా రాలేదు, కోర్టు మాట కదా అని ఊరుకుంది.

మణుగూరు నుంచి మహిమ రాకపోతే ఇంకా ఊరుకునే ఉండేది. బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన ఆంథోని కూతురు మహిమ. మెడలో కార్డు వేసుకుని, బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఆటో ఎక్కి, గూడేల్లో తిరుగుతూ పేదలకు కోర్టు సాయం ఉచితంగా దొరుకుతుందని చెప్పడం ఆమె పని. బడి వరండాలో ఆమె చెప్పడం అయ్యాక జంపక్క ఆ జెరాక్స్ తెచ్చి ఇచ్చింది. మహిమ రెండుసార్లు చదివింది.

"జంపక్కా, నువ్వు దండం పెట్టింది జడ్జికి కాదు. ఆయన నోటరీ."

"నోటరీ అంటే ఏంది?"

"వేలేసింది ఫలానా మనిషే, నేను చూసిన అని ముద్ర కొట్టేటాయన. గంతే. ఒకరి భూమి ఇంకొకరికి ఇచ్చే అధికారం ఆయనకు లేదు."

ఏడుస్తుందేమోనని మహిమ మంచినీళ్ల సీసా మూత కూడా తీసింది. ఏడవలేదు. ఇన్నాళ్లూ రాని కోపం ఇప్పుడొచ్చింది, ముందు తన మీద, తర్వాత ఆ నల్లకోటు మీద.

"మరి నువ్వే గట్టు?" అంది.

"మేం క్రైస్తవులం, మాకు గట్లుండవు..."

"కులం గాదు బిడ్డా అడిగేది. గా కోర్టు మనుషులల్ల నువ్వెవరు? ఏం చదివినవ్, నీకేం చేతనైతది, ఏం చేతగాదు? అది చెప్పు. ఇగ ఎవరైనా సరే, అది చెప్పినంకనే ఎంట వస్త."

మహిమ కార్డు తిప్పి చూపించింది. "నేను డిగ్రీ చదివిన, లా చదవలే. కొన్ని రోజులు ట్రైనింగ్ ఇచ్చి ఈ కార్డు ఇచ్చిండ్రు. పారా లీగల్ వాలంటీర్ అంటరు. దరఖాస్తు రాసిపెడ్త, తొవ్వ చూపిస్త. నీ తరఫున నిలబడి వాదించే హక్కు నాకు లేదు."

తనకు చేతకానిది ఏదో నోటితో చెప్పిన మనిషిని జంపక్క చూడటం అదే మొదలు. "పా, పోదాం," అంది.

భద్రాచలం కోర్టు ఆవరణలో జంపక్క ఎవరినీ వదల్లేదు. కట్టలు చంకన పెట్టుకుని పోతున్న పిచ్చయ్యను ఆపింది. అందరూ ఆయన్ని సార్ అంటారు, ఆయన కూడా వద్దనడు. అయినా ఈమె సూటిగా అడిగేసరికి నవ్వేసి నిజం చెప్పాడు.

"గుమస్తానమ్మా. ముప్పై ఏండ్ల సంది వకీలు దగ్గర కాయితాలు మోస్తున్న. ఏ కేసు ఏనాడు పిలుస్తరో నోటికే చెప్త. వాదించాలంటే మాత్రం నోరు తెరవొద్దు, లా చదవలే గదా. గా మూలకు కూసున్నాయన దస్తావేజులు రాస్తడు, రాసుడు వరకే ఆయన పని. గిప్పుడు కారు దిగినాయన సర్కారు వకీలు, సర్కారు మాట మాట్లాడ్తడు గానీ నీ మాట గాదు. నీకు కావాల్సింది అడ్వకేటు. లోపటికి పో, ఉచిత సాయం ఆఫీసుల గ్రేస్ మేడమ్ ఉంటది."

గ్రేస్ బోనకల్ పిల్ల, ముప్పై దాటి ఉండవు. జంపక్క ఆమెనూ కూర్చోనివ్వకుండానే అడిగింది. గ్రేస్ విసుక్కోలేదు. ఇంటర్ తర్వాత అయిదేళ్లు లా చదివానని, హైదరాబాద్‌లో బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకున్నానని, ఆ పైన ఇంకో పరీక్ష రాసి పాసయ్యానని చెప్పింది.

"నీ తరఫున మాట్లాడొచ్చు, జంపక్కా. తీర్పు మాత్రం నా చేతుల లేదు. గెలిపిస్తనని నేను చెప్పను."

"చెప్పకు. కాయితం సదువు," అంది జంపక్క. నేల మీద కూర్చోబోతుంటే మహిమ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

గిరిజనుల భూముల కేసులు వినే డిప్యూటీ కలెక్టర్ దగ్గర కేసు నడిచింది. విచారణ రోజు శేషగిరి దర్జాగా వచ్చాడు. వెంట పేరున్న వకీలు, ఆయన వెనకాల సాక్షిగా ఆ నోటరీ బెంజమిన్. అదే నల్లకోటు. ఎర్ర ముద్ర కాగితాన్ని వకీలు పైకెత్తి చూపించి, ఆమె ఇష్టపడే వేలేసిందని అరగంట చెప్పాడు. బెంజమిన్ అవునన్నాడు.

గ్రేస్ లేచి, తన ప్రశ్నల కంటే ముందు తన మనిషికి ఒక మాట అడిగే అనుమతి ఇమ్మని కోరింది. అధికారి తలూపాడు. జంపక్క లేచి కొంగు దోపుకుని బెంజమిన్ వైపు తిరిగింది.

"సారూ, నువ్వే గట్టు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆ వైపు చూసేసరికి నవ్వు ఆగిపోయింది. గ్రేస్ ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పింది. బెంజమిన్ గొంతు సవరించుకున్నాడు.

"నోటరీని. పదేండ్ల పైన వకీలుగ చేసినంక సర్కారు నన్ను నోటరీగ పెట్టింది."

"జడ్జివి గావు?"

"కాదు."

"నేను దండం పెట్టి జడ్జిగారూ అన్ననాడు, కాదమ్మా అని ఎందుకనలే?"

బెంజమిన్ నుదురు తుడుచుకున్నాడు. "రోజూ మస్తుమంది వస్తరు. ఊర్ల నుంచి వచ్చేటోళ్లందరు గట్లనే అంటరు."

"అంటే ఎవ్వరికీ చెప్పలే అన్నట్టు," అంది జంపక్క, కూర్చుంది.

ఆయన మరి తలెత్తలేదు. ఆయన పెట్టిన లావుపాటి పుస్తకంలో ఎన్ని వేలిముద్రలున్నాయో, ఎన్ని దండాలున్నాయో ఆ గదిలో అందరికీ ఒక్కసారే తట్టింది. ఆ తర్వాత గ్రేస్ చెప్పిన మాట చిన్నదే. ఏజెన్సీ భూమి గిరిజనుల నుంచి గిరిజనేతరుల చేతికి పోవడం చట్టం ఒప్పుకోదు, కాగితం మీద ఎన్ని ముద్రలున్నా ఒప్పుకోదు. శేషగిరి వకీలు దానికి చెప్పిన జవాబు పొడుగ్గా ఉంది గానీ అందులో జవాబు లేదు.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. తొలకరి పడిన నాలుగో రోజున రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ చేలోకి వచ్చి, హద్దులు నడిచి చూపించి, పంచనామా మొత్తం చదివి వినిపించి చేను జంపక్కకు అప్పగించాడు. ఆయన బండి మలుపు తిరిగిందో లేదో శేషగిరి దిగబడ్డాడు. చేను నడుమ నిలబడి నడుం మీద చేతులేసుకున్నాడు.

"సంబరపడకు. నేను పైకి అప్పీలుకు పోయిన. ఈసారి హైదరాబాద్ నుంచి పెద్ద వకీలు వస్తుండు. ఇప్పుడు ఇత్తనం ఏస్తే ఇత్తనం గూడ పోతది."

అప్పగింత చూడటానికి వచ్చిన మహిమ వైపు జంపక్క చూసింది. "నేను చెప్పే మాట గాదిది," అని మహిమ గ్రేస్‌కు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది.

"ఆర్డరు ఆపుమని పైన స్టే ఇయ్యలే," అంది గ్రేస్. "రేపు ఇస్తరో ఇయ్యరో నాకు తెల్వదు. ఈయాల్టికైతే చేను నీదే, జంపక్కా."

"ఆ హైదరాబాదాయన ఏం చదివిండు?"

"నేను చదివిందే."

జంపక్కకు భయం అసలు లేదని కాదు. ఉన్నా సరే, దాన్ని శేషగిరికి చూపించదలుచుకోలేదు. జొన్నగింజల గంప నడుమున పెట్టుకుంది, చీర కుచ్చిళ్లు ఎగదోపింది.

"రమ్మను. ఆయన వచ్చేటాలకు జొన్న మోకాలెత్తు ఉండాలె," అని చేతినిండా గింజలు తీసి విసిరింది. ఒక సాలు వెంట చల్లుకుంటూ వచ్చి, శేషగిరి ఎదురుగా వచ్చి ఆగింది.

"జర జరుగు," అంది. "నువ్వు నిలబడ్డకాడ గూడ చల్లాలె."

శేషగిరి జరిగాడు.