మేడే నాటి మిరపదండ

పర్చూరులో మిరపకాయల తొడిమలు తీసే దేవకుమారి చేతులు సీజనంతా మంటే. ఆ చేతులతో మూడు నెలల మనవణ్ణి ఒక్కసారీ ఎత్తుకోలేదు. అందుకే మేడే సెలవుకి ముందురోజే పని మానేసి, అరచేతులకు మజ్జిగ రాసి చల్లబరుచుకుంది.

తెల్లారగానే యూనియన్ కార్యదర్శి జయపాల్ గుమ్మంలో మిరపకాయల బస్తా దించాడు. "అక్కా, సభకొచ్చే పెద్దాయనకి దండ గుచ్చాలి."

"ఇవాళ సెలవు కదరా?"

"ఆ సెలవు గురించే సభ. ఎనిమిది గంటల పని కోసం చికాగోలో ప్రాణాలిచ్చారక్కా."

"వాళ్లు ప్రాణాలిచ్చింది నువ్వు నాకు బస్తా ఇవ్వడానికా? మేడే అంటే నేను మాడే రోజా? నువ్వే గుచ్చుకో."

సభలో జయపాల్ కళ్లు నలుపుకుంటూ, ధారగా ఏడుస్తూ మాట్లాడాడు. అమరవీరులంటే ఎంత ప్రేమో అని జనం చప్పట్లు కొట్టారు. దేవకుమారి వెళ్లలేదు. మనవడి బుగ్గలు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.